పెరగదన్న నీళ్లు

ఐదో నంబరు కారవాన్ ముందుభాగం నేలలోకి దిగబడి, వెనక చక్రాలు గాలిలోకి లేచి ఉన్నాయి. దాని కింద నుంచి కూలీ నాగేందర్ శవాన్ని బయటికి లాగి సుమారు ఇరవై గంటలైంది.

సాబేరా వ్యాన్ దిగి గడియారం చూసుకుంది. గురువారం, మధ్యాహ్నం పన్నెండూ ఇరవై.

"మూడింటికి పోలీసు జీపు వస్తుంది సిస్టర్," అన్నాడు షాబాజ్ ఎదురొచ్చి. కంపెనీ సెక్యూరిటీ సూపర్‌వైజరతను. హైదరాబాదు మనిషి. చంకలో ఎర్ర ఫైలు, నడుముకు వాకీటాకీ. "బుచ్చన్నను వాళ్లకు అప్పజెప్పేస్తాను, ఖతమ్. మీరు మీ మెడికల్ రిపోర్టు రాసుకుని, కొంచెం గాలి పీల్చుకుని వెళ్లండి. సరస్సు బాగుంది కదా!"

"మూడింటి దాకా టైముంది కదా సార్."

"దేనికి?"

"గాలి పీల్చుకోవడానికి."

షాబాజ్ నవ్వలేదు. ఆమెను ఎవరు పంపారో, ఎందుకు పంపారో అతనికి తెలుసు.

సాబేరా దమ్మామ్‌లో కంపెనీ క్లినిక్ నర్సు. జమ్మలమడుగు పక్క పల్లెటూళ్లో సర్కారు బడిలో చదివి, కర్నూలులో నర్సింగు చేసి, డ్రైవరుగా ఉన్న భర్త అల్లాబకాష్ వెనక ఇక్కడికి వచ్చింది. కిందటేడాది యుద్ధం జరుగుతున్న రోజుల్లో క్లినిక్ నుంచి నలభై గ్యాస్ మాస్కులు పోయాయి. షాబాజ్ ఒక స్వీపర్ పేరు రాశాడు. సాబేరా గిడ్డంగి అరల మీద దుమ్ము ఎక్కడ చెదిరిందో, ఎక్కడ చెదరలేదో చూసి అసలు దొంగను పట్టించింది. కాని రెండు రోజులు ఆలస్యమైంది. అప్పటికే ఆ స్వీపర్‌ను విమానం ఎక్కించేశారు. కంపెనీ ముదీర్, అంటే పెద్ద మేనేజరు, ఆమెను మెచ్చుకున్నాడు. ఆ రోజు నుంచి ఏ ప్రమాదం జరిగినా మెడికల్ రిపోర్టు పేరుతో ఆమెను పంపుతున్నాడు. ఆమెకు మాత్రం మెచ్చుకోలు గుర్తులేదు. ఆ రెండు రోజులే గుర్తున్నాయి.

ఈసారి ఉన్నవి రెండు గంటల నలభై నిమిషాలు.

"నేరమేంటో చెప్పండి సార్."

షాబాజ్ ఫైలు తెరిచాడు. యుద్ధం మొదలైనప్పుడు ఇళ్లకు పంపేసిన కుటుంబాలు మళ్లీ వస్తున్నాయి. వాళ్లకు సెలవు రోజులైన గురు, శుక్రవారాలు గడపడానికి హుఫూఫ్ తూర్పున ఉన్న ఈ సరస్సు పక్కన కంపెనీ ఒక క్యాంపు తలపెట్టింది. మిలిటరీ వేలం వేసిన ఎనిమిది కారవాన్లు కొన్నది. సొంత కారవాన్లు తెచ్చుకునే వాళ్లకు ఇంకో నాలుగు స్థలాలు. అక్టోబరులో ఇంజినీరు వచ్చి ఈ సరస్సు ఒడ్డునే మూడు చోట్లు చూసి, ఇది మొదటిదిగా ఎంచి, స్థలానికొకటి చొప్పున గూటాలు పాతించి వెళ్లాడు. డిసెంబరులో ఉద్యోగం మానేసి దేశానికి వెళ్లిపోయాడు.

"ప్లాను ప్రకారం ఐదో గూటం నుంచి నీళ్లకు అరవై అడుగులు. ఇప్పుడు కొలవండి. పద్దెనిమిది! గూటాలు నీళ్ల వైపు జరిగాయి. ఎవరు జరిపారు? నీళ్ల పైపు వేసే పని ఎవరిది? బుచ్చన్నది. పైపు పొడవు తగ్గుతుందని గూటాలు పీకి నీళ్ల వైపుకు పాతాడు. ఉప్పు నేల మీద బండి నిలబెట్టాడు. మనిషి చచ్చాడు. ఒప్పుకున్నాడు కూడా. ఇదిగో వేలిముద్ర."

"మిగతా ఏడు బండ్లు ఏవి?"

"పొద్దునే తీయించేశాను. ఇంకా ఇక్కడే పెట్టుకుంటానా?"

సాబేరా వ్యాన్ వైపు చూసింది. అల్లాబకాష్ స్టీరింగు ముందే కూర్చుని ఉన్నాడు.

"నువ్వు దిగవా?"

"తల నొస్తాంది. నువ్వు పోయిరా."

*

బుచ్చన్నను పనిముట్ల కంటైనర్‌లో పెట్టి బయట గొళ్లెం వేశారు. జగిత్యాల దగ్గరి మనిషి. నలభై ఎనిమిదేళ్లు. పదమూడేళ్లుగా ఈ దేశంలో గోడలు కడుతున్నాడు. గొళ్లెం తీసినా లేవలేదు.

"ఏమన్నా తిన్నావా అన్నా?"

"ఏం తినుడు చెల్లె. నోట్లెకు పోతలేదు."

"గూటాలు నువ్వు జరిపినావా?"

"జరిపిన్నని రాసుకో."

"రాసుకోమంటావా లేదా అని కాదు నేనడిగేది."

అతను మోకాళ్ల మధ్యలోకి చూస్తున్నాడు. "షాబాజ్ సాబుకు ఏలుముద్ర ఏసిచ్చిన. ఇగ నువ్వడుగుడెందుకు?"

"ఎన్ని జరిపినావు?"

"అన్ని."

"అన్నీ అంటే?"

"ఎనిమిది. బండికొక్కటి."

"పన్నెండుండాయి అన్నా. వస్తా వస్తా లెక్కబెట్టినా. చేసినోనికి లెక్క తెలీదా?"

బుచ్చన్న తల ఎత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. బయట గాలికి కంటైనర్ తలుపు రెండుసార్లు కొట్టుకుంది.

"ఆన్ని కిందికి తోలింది నేనే చెల్లె," అన్నాడు చివరికి.

"మొదట్నుంచి చెప్పు. ఎన్నింటికి ఏమైందో."

"నిన్న పదకొండింటికి బండి నిలవెట్టినం. చక్రాల కింద పలకలేసినం. సాఫ్‌గనే ఉండె. రెండున్నరకు పైనున్న నీళ్ల ట్యాంకు నింపినం. నాలుగు దాటినంక ముంగటి దిక్కు జర వంగింది. జాకీ పెట్టి లేపుదమన్న. నాగేందర్ బక్కగుంటడు గద, నువ్వే దూరురా అన్న. దూరిండు. రెండు తిప్పులు తిప్పిండు. 'అన్నా, జాకీ పైకి లేస్తలేదు, కిందికే దిగుతున్నది' అన్నడు. నేనేమన్ననో ఎర్కేనా?"

సాబేరా రాయడం ఆపింది.

"'నోరు మూసుకొని తిప్పు' అన్న. గంతే. గదే ఆఖరి మాట. నాలుగు ఇరువై అయితుండె."

ఆమె పొద్దున ఆసుపత్రిలో చూసిన శవం ఛాతీ మీద జాకీ పిడి గుర్తు నల్లగా ఉంది. ఆ సంగతి చెప్పలేదు.

"ఆని పెండ్లాం పుష్పకు ఫోన్ జెయ్యాలె. ఏమని జెయ్యాలె చెల్లె? నేనే సంపిన్నని జెప్పాల్నా? అందుకే ఏలుముద్ర ఏసిన. జైల్ల పడేస్తే ఫోన్ జేసుడు తప్పుతది."

"అన్నా, నాగేందర్‌ని కిందికి తోలింది ఒక తప్పు. గూటాలు జరపడం ఇంకో తప్పు. మొదటిది చేసినావని రెండోది కూడా నెత్తికేసుకుంటే వాడు లేచొస్తాడా? అసలు తప్పు చేసినోడెవడో తెలీకుండా పోతుంది. అంతే."

"గూటాలు పాతినప్పుడు నేను లేను," అన్నాడతను అలసటగా. "దసరకు ముందు ఇంటికి వోయిన. దీపావళి ఎల్లినంక అచ్చిన. అచ్చి సూస్తే గూటాలున్నయి. గూటం కాడ బండి పెట్టుమన్నరు. పెట్టిన."

*

ఒంటిగంట ఐదు నిమిషాలు.

సాబేరా నల్ల బురఖాలాంటి అబాయా అంచు ఒక చేత్తో పట్టుకుని ఒకటో గూటం దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. ఇనుప కడ్డీ. తలకు ఎర్రరంగు. అది నేలలోకి దిగేచోట ఉప్పు పేరుకుని, గిన్నె అంచులా చుట్టూ లేచి ఉంది. గోటితో గీరింది. ఊడలేదు. రాయితో కొడితే పెచ్చుగా లేచింది. పెచ్చు కింద ఇనుము వేలి వెడల్పున పట్టీలా తుప్పు పట్టి, ఆ తుప్పు ఉప్పులో కలిసి ఎర్రటి చారలు దిగాయి.

రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఐదోదాని సగం కారవాన్ కిందికి పోయింది, కనిపించే సగం అంతే. పన్నెండూ చూసేసరికి అబాయా అంచు తెల్లగా ఉప్పు కట్టింది. ఒక్క గూటం పీకి పాతినా ఉప్పు గిన్నె విరిగి ఉండాలి. పాత చోట కన్నం మిగలాలి. వెనక అరవై అడుగుల దాకా నడిచి చూసింది. ఎక్కడా ఒక్క కన్నం లేదు.

గూటాలు కదల్లేదు.

పొద్దున తీసేసిన కారవాన్ల చక్రాల గుంటలు వరసగా ఉన్నాయి. ఒకటి, రెండు, ఎనిమిది నంబర్ల దగ్గర నేల నొక్కుకుంది, అంతే. నాలుగు, ఆరు దగ్గర గుంట నాలుగు వేళ్ల లోతుంది, అడుగున నీళ్లు ఊరుతున్నాయి. పైన అప్పడంలా గట్టి ఉప్పు, కింద పెరుగులాంటి మన్ను. మా వైపు చౌడు అంటారు దీన్నే, అనుకుంది. మా చౌడు ఇంత లోతుండదు.

తర్వాత నీటి అంచుకు వెళ్లింది.

పాత చక్రాల జాడలు రెండు, ఎండి ఇటుకలా గట్టిపడినవి, గూటాల పక్కగా వచ్చి, వంపు తిరిగి, తిన్నగా సరస్సులోకి దిగిపోయాయి. నీళ్లు తేటగా ఉన్నాయి. అడుగున ఆ జాడలు ఇంకా ముప్పై అడుగుల దాకా కనిపిస్తున్నాయి. ఆ చివర, నీళ్ల కిందే, బండి వెనక్కి తిప్పుకున్న గుర్తు.

ఏ డ్రైవరూ నీళ్లలో బండి తిప్పడు. ఆ రోజు అక్కడ నీళ్లు లేవు.

కాలువ గట్టున ఒక ముసలి రైతు గాడిదబండి మీద గడ్డి వేసుకుని పోతున్నాడు. సాబేరా గౌరవంగా దూరంగా నిలబడి, ఆసుపత్రిలో నేర్చుకున్న అరబ్బీలో అడిగింది. ఈ నీళ్లు ఎప్పుడు పెరుగుతాయి?

"చలికాలం," అన్నాడాయన, అంతమాత్రం తెలియదా అన్నట్టు. "ఎండాకాలం ఖర్జూరాలు తాగుతాయి, ఎండ తాగుతుంది. ఇక్కడికేం మిగలదు. చలికాలం చెట్టూ తాగదు, ఎండా తాగదు. తోటల కాలువలన్నీ ఇక్కడికే వస్తాయి. ఇంకో నెల పెరుగుతుంది కూతురా. మీవాళ్లు ఆ కడ్డీలు పాతుతుంటే నవ్వుకున్నాం."

"చెప్పలేదా?"

"ఎవరూ అడగలేదు."

*

రెండూ పది.

షాబాజ్ టెంటు నీడలో మడత కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. "ఏమన్నది సరస్సు? థర్మామీటర్ పెట్టి చూశారా, జ్వరముందా?"

"జ్వరం లేదు సార్. ఉబ్బు ఉంది."

ఆమె ఉప్పు పెచ్చును అతని ముందు బల్ల మీద పెట్టింది. తుప్పు చారలు చూపించింది. నీళ్లలోకి దిగిన చక్రాల జాడల సంగతి చెప్పింది. గూటాలు నీళ్ల దగ్గరికి రాలేదని, నీళ్లే గూటాల దగ్గరికి వచ్చాయని చెప్పింది. షాబాజ్ టీ గ్లాసు కింద పెట్టాడు. తెలివితక్కువవాడు కాదు. పెచ్చును రెండు వైపులా తిప్పి చూశాడు.

"ఠీక్ హై. గూటాలు జరగలేదు. అయితే తప్పు ఇంజినీరుది. ఇంజినీరు లేడు. వెళ్లిపోయినవాణ్ని పోలీసులకు ఎట్లా చూపించను? నాకు ఒక మనిషి కావాలి సిస్టర్. ముదీర్‌కు ఒక పేరు కావాలి."

"ఇంజినీరు ఈ చోటు ఎంచుతూ రాసిన ఎంపిక కాగితం చూపించండి."

అతను విసుగ్గా ఫైలు ఆమె వైపు తోశాడు. కాగితంలో ఇంజినీరు మూడు చోట్లకూ మూడు గళ్లు గీసి మార్కులు వేశాడు. రోడ్డు నుంచి దూరం. కారవాన్ తగిలించిన కారు తిరగడానికి చోటు. గాలి, దోమలు. ఆడవాళ్లు దారిన పోయేవాళ్ల కంటపడకుండా స్నానాల గదికి నడవగలిగే వీలు. ఓపికగా రాసిన కాగితం. మనిషి శ్రద్ధగలవాడే. చిట్టచివర, మూడు గళ్లకూ కలిపి ఒకే వాక్యం, పదిహేను అక్టోబరు తారీఖుతో: 'నీళ్ల సంగతి తెలిసిన మనిషిని అడిగాను. ఇది సరస్సు నిండుగా ఉండే కాలం, ఏడాదిలో ఇంతకు మించి పెరగదు అన్నాడు.'

"చూశారా?" అన్నాడు షాబాజ్. "ఎవడో తోటవాడు చెప్పాడు. వాణ్ని ఎక్కడని వెతకను?"

"తోటవాడు చెప్పలేదు సార్. ఈ ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు, అక్టోబరులో ఈ సరస్సు అడుగంటి ఉంటుందని. ఇప్పుడే అడిగొచ్చాను. అక్టోబరంటే నిండు చెరువు అనుకునేవాడు ఈ నేల మనిషి కాడు."

"మరి?"

"చిత్త, స్వాతి కార్తెల వానకు చెరువులు నిండే చోట పుట్టినవాడు. వానలు అయిపోయేసరికి అలుగు పారుతుంది, అక్కడి నుంచి ఎండాకాలం దాకా తగ్గడమే. అది పుట్టినప్పటి నుంచి చూసినవాడు. ఇక్కడ తలకిందులుగా ఉంటుందని వాడికి తోచదు. అబద్ధం చెప్పలేదు సార్. తెలిసిందే చెప్పాడు. మనవాడు."

షాబాజ్ ఆమెనే చూస్తున్నాడు. నెమ్మదిగా అతని ముఖం మీద నవ్వు వచ్చింది.

"వాహ్! శభాష్ సిస్టర్. చెరువు కింద వ్యవసాయం చేసినవాడు. నీళ్ల సంగతి తెలిసినవాడు. జగిత్యాలవాడు! నా కేసు మీరే కట్టిపెట్టారు కదా. బుచ్చన్నే."

"పదిహేను అక్టోబరున బుచ్చన్న ఈ దేశంలో లేడు. పాస్‌పోర్టులు మీ బీరువాలోనే కదా ఉండేది. సెలవుల జాబితా ఆ ఫైలులోనే ఉంటుంది. తిప్పండి."

షాబాజ్ తిప్పాడు. వేలు ఒక వరస మీద ఆగింది. నవ్వు పోయింది.

"ఏడు అక్టోబరు వెళ్లాడు. పద్నాలుగు నవంబరు వచ్చాడు," అని గొణిగాడు. కోపంగా ఫైలు మూశాడు. "అయితే ఎవరు? మీరే చెప్పండి. ఆ రోజు ఇంజినీరు పక్కన ఎవరున్నారు?"

సాబేరా వ్యాన్ వైపు తిరిగింది.

దమ్మామ్ క్వార్టర్లో అక్టోబరు నాటి ఒక సాయంత్రం ఆమెకు గుర్తొచ్చింది. సింకు దగ్గర చేతులు కడుక్కుంటూ ఆయన అన్నాడు. 'ఈ పొద్దు ఇంజినీరు సారు నన్ను సలహా అడిగినాడు మే. చెరువు పెరుగుతుందా అని. మనకు తెలీదా ఏంది! స్వాతి కార్తె దగ్గరపడె, ఇంతకంటే ఏం పెరుగుతుంది సార్, పాతుకోండి అన్నా. పుస్తకంలో రాసుకున్నాడు నా మాట.' డ్రైవరు మాటను ఇంజినీరు రాసుకున్నాడని ఆయన ఎంత మురిసిపోయాడు! ఆమె రొట్టె వడ్డిస్తూ ఔనంది. మంచి మాట చెప్పినావు అంది. ఆమె కూడా ఆ చెరువుల మనిషే. ఆమెకూ తోచలేదు.

ఈ పొద్దున హైవే దిగి మట్టిదారి పట్టేటప్పుడు ఆయన ఎవరినీ అడగలేదు. సరస్సు దగ్గర వ్యాన్ దిగలేదు.

రెండూ ముప్పై. అరగంటలో జీపు వస్తుంది. ఆమె ఊరుకుంటే షాబాజ్ ఊరుకోడు. సెలవుల జాబితా ఉన్న పేజీ ఒకటి ఫైలు నుంచి మాయమవుతుంది, వేలిముద్ర ఉన్న పేజీ మిగులుతుంది. బుచ్చన్న తనంతట తాను నోరు విప్పడు.

"పేరు రాసుకోండి సార్," అంది సాబేరా. "షేక్ అల్లాబకాష్. డ్రైవరు. నా మొగుడు."

షాబాజ్ పెన్ను తీశాడు గానీ వెంటనే రాయలేదు.

"ఆ పొద్దు ఇంటికొచ్చి నాతో చెప్పినాడు. ఔనన్నాను. ఆ మాట కూడా రాయండి."

వెనక అడుగుల చప్పుడైంది. అల్లాబకాష్ ఎప్పుడు వ్యాన్ దిగాడో తెలియదు. టెంటు తాడు పట్టుకుని నిలబడ్డాడు. నలభై ఏళ్ల మనిషి, పొద్దుటికన్నా పదేళ్లు పెద్దగా కనిపించాడు.

"నేనే సార్," అన్నాడు. "నిన్న రాత్రి కబురు తెలిసినప్పట్నుంచి గొంతుకాడ్నే ఉండాది."

"నాకన్నా చెప్పకపోతివి," అంది సాబేరా.

"ఎట్ల చెప్పేది మే? నువ్వు పేపరు, పెన్ను సర్దుకుంటాంటివి. ఈసారి ఆలస్యం కాగూడదు అంటాంటివి. నీ మొగం చూసినాక నోరు రాలేదు." అతను షాబాజ్ వైపు తిరిగాడు. "మా ఊరి చెరువు లెక్క అనుకున్నా సార్. నన్నెవరూ ఏమీ అడగరు ఈ దేశంలో. ఒకాయన అడిగినాడని మురిసిపోయినా. తెలీదు అని ఒక్కమాట అనుంటే సరిపోయేది."

షాబాజ్ ఎవరినీ చూడకుండా రాశాడు. పేరు, తారీఖు, బండి నంబరు. రాయడం అయ్యాక కొంచెం మెత్తబడ్డాడు. "మీరు చాలా కష్టమైన పని చేశారు సిస్టర్. నేను రాయిబండను కాను. డ్రైవరు మాట వినడం ఇంజినీరు తప్పని కూడా రాస్తాను. ముదీర్‌కు సంతోషం. కుటుంబాల పిక్నిక్ కూడా ఆగలేదు. అందరూ హాయిగా బిర్యానీ తిని పండుకుని ఉంటారు."

సాబేరా ముందు వినలేదు. తర్వాత విన్నది.

"ఏ కుటుంబాలు?"

"ఇవాళ రావాల్సినవాళ్లే. వచ్చినవాళ్లను వెనక్కి పంపమంటారా? ఏడు కారవాన్లూ తీయించి ఆ కాగితంలోని రెండో చోట పెట్టించాను. సొంత బండ్లు తెచ్చుకున్నవాళ్లు ఇంకో ముగ్గురు. నలభై మంది. అందరికీ సరస్సు కనిపించాలని అంచున ఒకే వరసలో..."

అతని మాట ఆగిపోయింది. ఆమె ఎంపిక కాగితాన్ని మళ్లీ తెరిచి, చివరి వాక్యం మీద వేలు పెట్టింది. మూడు గళ్లకూ కలిపి ఒకే వాక్యం.

"ఎన్నింటికి నిలబెట్టారు సార్?"

"పదింటికి."

"నీళ్ల ట్యాంకులు?"

"ఒంటిగంటకు... ట్యాంకరు పంపాను."

"నిన్న బండి పదకొండుకు పెట్టినారు. నాలుగూ ఇరవైకి కూలింది. ఐదు గంటల ఇరవై నిమిషాలు." ఆమె గడియారం చూసింది. రెండూ నలభై. పదింటికి ఐదూ ఇరవై కలిపితే మూడూ ఇరవై. ఆ లెక్క పైకి చెప్పాల్సిన అవసరం రాలేదు.

షాబాజ్ వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుని అక్కడున్న గార్డును అరిచి పిలిచాడు. "ఖలందర్! ఖలందర్, వినిపిస్తోందా?" బరబర తప్ప ఏమీ రాలేదు. అంత దూరం అందదు.

"దారి నాకు తెలుసు," అన్నాడు అల్లాబకాష్. అప్పటికే వ్యాన్ వైపు నడుస్తున్నాడు. "అంచెంబడి అడ్డంగా పోతే పదిహేను నిమిషాలు."

"ఆ దారి ఎప్పుడు చూసినావు?"

అతను ఆగాడు. సరస్సు వైపు చూశాడు. "అక్టోబరులో," అన్నాడు.

"గట్టు మీంచి చుట్టూ తిరిగి పోదాం పా," అంది సాబేరా. "ముప్పై ఐదు నిమిషాలైనా సరే. సార్, కంటైనర్ గొళ్లెం తీయండి. బండి ఎట్లా దిగబడుతుందో దగ్గరుండి చూసినవాడు బుచ్చన్న ఒక్కడే. ఆ వేలిముద్ర కాగితం ఇటివ్వండి."

షాబాజ్ ఇచ్చాడు. జీవితంలో మొదటిసారి ఆమె మాటకు ఎదురు చెప్పలేదు.

*

వ్యాన్ గట్టు మీద ఎగిరెగిరి పడుతోంది. నడిమి సీట్లో సాబేరా, వెనక సీట్లో బుచ్చన్న, పక్కన చెక్క పలకలు. వేలిముద్ర కాగితం అతని ఒళ్లో ఉంది, దాన్ని అతను చూడనే లేదు. ముందు సీట్లో షాబాజ్ నిమిషానికోసారి వాకీటాకీ నొక్కుతున్నాడు.

మూడు గంటలకు ఒక గొంతు తెగితెగి వచ్చింది.

"...సార్, ఖలందర్‌ని. అంతా బాగుంది సార్. చిన్న పని ఒకటి. మూడో నంబరు తలుపు బిగుసుకుపోయింది. లోపల సంధ్యమ్మ, పిల్లలు నలుగురు నిద్రపోతున్నారు. కార్పెంటర్ ఉంటే పంపుతారా? తొందరేం లేదు..."

"కిటికీ పగలగొట్టు!" అని అరిచాడు షాబాజ్. "అందరినీ బయటికి లాగు! బండి కిందికి ఎవడూ దూరొద్దు! ఖలందర్! విన్నావా?"

బరబర. ఆపైన ఏమీ లేదు.

బుచ్చన్న రెండు చేతులతో ముందు సీటు పట్టుకున్నాడు. "మాది గుడ నిన్న ముందుగాల తలుపే పట్టింది చెల్లె. గాలికి ఉబ్బిందనుకున్నం. చౌకట్టు వంగితే తలుపు రాదని తోచలే."

"ఎంతసేపు అన్నా? తలుపు పట్టినాక ఎంతసేపటికి దిగబడింది?"

అతను లెక్క వేసుకున్నాడు.

"పావుగంట."

గట్టు మీద ఇంకా పదిహేను నిమిషాల దారి ఉంది. అల్లాబకాష్ పెదవులు కదులుతున్నాయి. దువా చదువుతున్నాడో, ఆ అక్టోబరు మాటను వెనక్కి తీసుకుంటున్నాడో, సాబేరాకు తెలియలేదు.